చెప్పకుండా తప్పించుకోలేని సంగతులు: ఏ భాషలో ఏవి?

సందేహాల_పుట్ట:

ఈ మధ్య సరదాకి ఇంగ్లీషు వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. పెద్ద పెద్ద మాటలతో ఇబ్బందేమీ లేదు, ప్రాణం తీసేవన్నీ చిన్న మాటలే. "వుయ్ హావ్ టు లీవ్" అంటాడు ఒకడు. ఎదుటివాణ్ణి కలుపుకుని "మనం వెళ్ళాలి" అంటున్నాడా, వదిలేసి "మేం వెళ్ళాలి" అంటున్నాడా? సీన్ ఇంకాస్త నడిస్తే గానీ తెలీదు. "మై బ్రదర్" అంటారు, అన్నో తమ్ముడో చెప్పి చావరు. "కజిన్" గురించి ఇక అడక్కండి. ఇంగ్లీషులో ఆ డైలాగు రాసినాయనకి ఈ ఆలోచనే వచ్చి ఉండదు, నేను మాత్రం ఏదో ఒకటి తేల్చుకోకుండా వాక్యం పూర్తి చెయ్యలేను.

దాంతో ఒక డౌటు పట్టుకుంది. మనం పట్టించుకోకుండా వదిలేసేవి, వేరే భాషల్లో మాత్రం నోరు తెరిస్తే చెప్పి తీరాల్సినవి ఏమేం ఉంటాయి? "ఫలానా భాషలో ఫలానా ఫీలింగుకి ఒక్క మాట ఉంది" లాంటి లిస్టులు దయచేసి వద్దు, అవి ఫార్వర్డుల్లో బోలెడు చూశాను. వ్యాకరణం పీక మీద కూర్చుని చెప్పించేవి కావాలి.

—

జోరీగ:

నా ఓటు తుయుకాకి. కొలంబియా, బ్రెజిల్ సరిహద్దులో వౌపెస్ నది చుట్టుపక్కల కొద్దిమంది మాట్లాడే భాష. అందులో "వాడు బంతాట ఆడాడు" అని ఊరికే అనేసి ఊరుకోవడం కుదరదు, ఆ సంగతి నీకెలా తెలిసిందో క్రియ చివర తగిలించాల్సిందే. కళ్ళారా చూస్తే "దీగా అపెవి". చూడలేదు గానీ ఆట చప్పుడు వినిపించింది అంటే "దీగా అపెతి". ఆడిన ఆనవాళ్ళు మాత్రమే కనబడితే, అంటే మైదానంలో అడుగుల గుర్తుల్లాంటివన్నమాట, "దీగా అపెయి". ఎవరో చెప్పగా తెలిస్తే "అపెయిగి". ఇవేవీ కాదు, వాడి సంగతి తెలుసు కాబట్టి ఆడే ఉంటాడు అని ఊహిస్తే "అపెహీయి". క్రియ ఒకటే, తోకలు ఐదు, తోక లేకుండా వాక్యం లేదు. జానెట్ బార్న్స్ అనే ఆవిడ 1984లో దీని మీద రాసిన వ్యాసంలో ఉదాహరణ ఇది, ఈ టాపిక్ ఎక్కడ వచ్చినా ఈ బంతాటే తిరుగుతూ ఉంటుంది.

ఆ ప్రాంతంలో ఇంకో విశేషం ఉంది. అక్కడి చాలా తెగల్లో సొంత భాషవాళ్ళని పెళ్ళి చేసుకోరు, పక్క భాష నుంచే చేసుకోవాలి. కాబట్టి ఇంట్లో అమ్మది ఒక భాష, నాన్నది ఒక భాష, పిల్లలకి మూడు నాలుగు రావడం మామూలే. ఇన్ని భాషలు కలిసి కాపురం చేస్తే మాటలు అటూ ఇటూ పాకుతాయనుకుంటాం కదా, అక్కడ మాటల్ని పాకనివ్వరు, తప్పుగా చూస్తారు. పాకింది వ్యాకరణం! తారియానా అనే భాష అసలు వేరే కుటుంబానిది, అయినా పక్కనున్న తుకానో భాషల (తుయుకా వీటిలో ఒకటి) సావాసంతో ఇలాంటి తోకల వ్యవస్థ మొత్తం తయారు చేసుకుంది. ఐఖెన్వాల్ద్ అనే భాషాశాస్త్రవేత్త ఆ భాష మీద చాలా ఏళ్ళు పనిచేసి రాశారు.

అంత దూరం వద్దనుకుంటే టర్కిష్ చూడండి. "గెల్ది" అంటే వచ్చాడు, నాకు తెలుసు. "గెల్మిష్" అంటే వచ్చాడట, లేదా వచ్చినట్టుంది. పొద్దున్నే కిటికీ తీసి చూస్తే నేలంతా మంచు ఉందనుకోండి, కురుస్తుండగా చూడలేదు కాబట్టి ఈ "మిష్" రూపమే వాడతారు. కుర్చీలో కూర్చునే కునుకు తీసి ఉలిక్కిపడి లేచినవాడు తన గురించి తానే "మిష్" పెట్టి చెప్పుకుంటాడు, నిద్రపోతున్నప్పుడు తను సాక్షి కాదు కదా. పిల్లల కథలన్నీ "బిర్ వర్మిష్, బిర్ యోక్ముష్" అని మొదలవుతాయి, "ఉందట, లేదట" అన్నట్టు. మన "అనగనగా" కూడా "నేను చూడలేదు, అనుకోగా విన్నాను" అనే బాపతే అని నా అనుమానం.

—

సందేహాల_పుట్ట:

ఇది అదిరింది. కానీ మనకీ "అట" ఉందిగా? వచ్చాడట, తిన్నాడట, వెళ్ళిపోయాడట. మరి తెలుగు కూడా ఆ లిస్టులోకి వస్తుందా?

—

జోరీగ:

ఉంది, కానీ పెట్టకపోయినా ఎవరూ తప్పు పట్టరు. పక్కవాడు చెప్పిన సంగతిని మీరు "వాడు ఉద్యోగం మానేశాడు" అని "అట" లేకుండా చెప్తే మహా అయితే "నువ్వు చూశావా" అని ఎవరైనా గిల్లుతారు, వాక్యం మాత్రం శుభ్రంగా ఉంది. తుయుకాలో ఆ తోక లేకపోతే అది "వాడు ఉద్యోగం మానే" అని ఆగిపోయినట్టు ఉంటుంది. మీరడిగిన తేడా సరిగ్గా ఇదే. రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త 1959లోనే ఇంచుమించు ఈ మాటే అన్నాడు, భాషల మధ్య అసలు తేడా ఏం చెప్పగలం అన్నదాంట్లో లేదు, ఏం చెప్పక తప్పదు అన్నదాంట్లో ఉంది అని. ఏ భాషలోనైనా ఏదైనా చెప్పొచ్చు, నాలుగు మాటలు ఎక్కువవుతాయి అంతే. నోరు మూసుకోనివ్వనివి ఏవి అన్నదే అసలు లెక్క.

—

రెండోబెంచీ:

మొదటి పోస్టులోని మనం/మేము సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను అందుకుంటాను. ఇది అరుదేమీ కాదు, ప్రపంచ భాషల నిర్మాణాల అట్లాసులో ఈ విషయం మీద చూసిన 200 భాషల్లో 63 భాషలకి ఈ తేడా ఉంది. తమిళానికి ఉంది (నామ్, నాంగళ్). పాత కన్నడంలో ఉండేది, ఇప్పటి కన్నడంలో "నావు" ఒక్కటే మిగిలింది. మరాఠీ, గుజరాతీలకి ద్రావిడ భాషల పక్కన ఉండబట్టే వచ్చిందని చాలామంది అభిప్రాయం. ఉత్తర చైనాలో "జాన్‌మన్" అంటే నిన్ను కలుపుకుని మనం.

నాకు బాగా నచ్చేది మాత్రం పాపువా న్యూగినీలో మాట్లాడే తోక్ పిసిన్. అందులో మాటలు చాలావరకు ఇంగ్లీషు నుంచి వచ్చినవే, అయినా ఇంగ్లీషులో లేని ఈ తేడాని ఇంగ్లీషు ముక్కలతోనే కట్టుకున్నారు. "యూ", "మీ" కలిపి "యుమి", అంటే నువ్వూ నేనూ, మనం. "మిపెలా" అంటే మేము, నువ్వు కాదు. ఇద్దరమైతే "మితుపెలా", నిన్ను కలుపుకుని ఇద్దరమైతే "యుమితుపెలా". చుట్టుపక్కల భాషల్లో ఆ తేడా ఉంది, అది లేకుండా మాట్లాడటం వాళ్ళకి చేతకాలేదు, దొరికిన సరుకుతో అతుకు వేసుకున్నారు. దాని చెల్లెలు లాంటి బిస్లామా వనువాటు దేశపు భాష, 1980 నుంచి వాళ్ళ జాతీయ గీతం పేరే "యుమి, యుమి, యుమి". మనం, మనం, మనం! ఈ తేడా ఉన్న భాషవాడికి తప్ప ఆ పేరులో ఉన్న బలం అందదు.

సబ్‌టైటిల్స్ కష్టం కొత్తది కూడా కాదు. బైబిలుని ఇలాంటి భాషల్లోకి తెచ్చినవాళ్ళందరూ దీని దగ్గర తల పట్టుకున్నవాళ్ళే. ప్రార్థనలో "మా తండ్రీ" అనాలి, "మన తండ్రీ" అంటే దేవుణ్ణి కూడా కలిపేసుకున్నట్టు అవుతుంది, అది తేలికే. కానీ పడవ తుఫానులో చిక్కుకున్నప్పుడు శిష్యులు నిద్రపోతున్న యేసుని లేపి చనిపోతున్నాం అంటారే, అది మేమా మనమా? ఆయనా అదే పడవలో ఉన్నాడు. మనం అంటే ఆయన కూడా మునిగిపోతాడని వాళ్ళు నమ్మినట్టు, మేము అంటే ఆయనకేం కాదని తెలిసినట్టు. గ్రీకు మూలంలో ఆ తేడానే లేదు కాబట్టి సమాధానం అందులో దొరకదు. అనువాదకుడు కూర్చుని వేదాంతం తేల్చాలి, అదీ ఒక సర్వనామం కోసం.

ఇండోనేషియన్ సంగతి ఇంకా తమాషా. క్రియకి కాలం లేదు, లింగం లేదు, బహువచనం ఇష్టమైతేనే. "దియా" అంటే వాడు, ఆమె రెండూ. నేర్చుకునేవాడికి పండగే అనుకుంటామా, "కితా" (మనం), "కామి" (మేము) దగ్గర మాత్రం వదలరు. అన్నాతమ్ముళ్ళ విషయంలో మన పట్టింపే వాళ్ళకీ ఉంది, కాకపోతే సగమే. "కకక్" అంటే నీకంటే పెద్ద, "అదిక్" అంటే చిన్న, ఆడా మగా మీరే ఊహించుకోండి.

—

వ్యాకరణం_వద్దు:

అన్నాతమ్ముళ్ళ మాట వచ్చింది కాబట్టి, స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో మాట్లాడే బాస్క్‌లో సోదరుడికి రెండు మాటలు, వయసుని బట్టి కాదు. మగవాడి సోదరుడైతే "అనయా", ఆడమనిషి సోదరుడైతే "నెబా". ఒకే మనిషి ఇంట్లో అన్నకి ఒకటి, అక్కకి ఇంకొకటి.

ఇంకోటి కూడా ఉంది, ఇది చదివి నేను కాసేపు అలా ఉండిపోయాను. బాగా చనువున్నవాళ్ళతో మాట్లాడే బాస్క్‌లో, వినేవాడికి ఏ సంబంధమూ లేని వాక్యంలో కూడా వినేవాడు ఆడా మగా అన్నది క్రియలో దూరుతుంది. "అతను వచ్చాడు" అనడానికి మామూలుగా "ఎతొర్రి ద". అదే చనువుగా మగవాడితో చెప్తే "ఎతొర్రి దుక్", ఆడమనిషితో చెప్తే "ఎతొర్రి దున్". వచ్చినవాడు వేరే ఎవడో, రూపం మారింది నీ వల్ల! మరీ వింత అనుకునే లోపు "వచ్చాడ్రా", "వచ్చాడే", "వచ్చాడండీ" గుర్తొచ్చాయి. మనం చేసేదీ అదే. కాకపోతే మనది అతికించిన ముక్క, తీసేసినా నడుస్తుంది. వాళ్ళు "హి" అనే చనువైన "నువ్వు"తో మాట్లాడుతున్నంతసేపూ తీసేసే వీలు లేదు.

—

తీరికలేదు_కానీ:

లింగం గురించి చెప్పకపోతే ఈ థ్రెడ్ అసంపూర్తి. తెలుగులో "వచ్చాడు" మగవాడికి. "వచ్చింది" అమ్మాయికి, ఆవుకి, బస్సుకి, జ్వరానికి, అన్నిటికీ. తమిళంలోనూ కన్నడంలోనూ ఆడవాళ్ళకి వేరే రూపం ఉంది, మనకి లేదు. బహువచనానికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. "అమ్మాయిలు వచ్చారు", "అబ్బాయిలు వచ్చారు", "బస్సులు వచ్చాయి". ఒక్కతే ఉంటే వస్తువులతో జమ, ఇద్దరుంటే మనుషులతో జమ! గోండి, కుయి భాషల్లో అయితే బహువచనంలో కూడా ఆడవాళ్ళని అటువైపే ఉంచేశారు. చిన్నప్పటి నుంచి వాడుతున్నాం కాబట్టి మనకి వింతగా అనిపించదు గానీ, బయటివాళ్ళకి చెప్పి చూడండి, వాళ్ళ మొహం చూడాలి.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఈశాన్యంలో జిర్బల్ అని ఒక భాష ఉంది, దాని మీద డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త రాసిన వ్యాకరణం 1972లో వచ్చింది. నామవాచకాలు నాలుగు గుంపులు. మగవాళ్ళు, చాలా జంతువులు ఒక గుంపు. ఆడవాళ్ళు, నీళ్ళు, నిప్పు, పోట్లాటకి సంబంధించినవి రెండో గుంపు. తినే కాయలు, దుంపలు మూడు. మిగిలిందంతా నాలుగు. చాలామంది దీన్ని చూసి ఆడవాళ్ళూ నిప్పూ ఒకటేనా అని జోకులేస్తారు. దాని వెనక కథలున్నాయి, చంద్రుడు మొగుడు, సూర్యుడు పెళ్ళాం, కాబట్టి సూర్యుడు ఆడవాళ్ళ గుంపు, సూర్యుడితో పాటు నిప్పు. పక్షులు చనిపోయిన ఆడవాళ్ళ ఆత్మలు, అవీ అక్కడే. పైకి కలగాపులగం, లోపల తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఈ థ్రెడ్‌కి దగ్గరి సంగతి ఇంకోటి. ఇక్కడ రాసేవాళ్ళలో ఎవరు ఆడో ఎవరు మగో నాకు తెలీదు, ఎందుకంటే తెలుగులో "నేను వచ్చాను" అంటే బయటపడదు. ఇదే హిందీలో అయితే "మై ఆయా", "మై ఆయీ", మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. హీబ్రూలో అయితే ప్రేమిస్తున్నాను అని చెప్పడానికి ఇద్దరి లింగమూ కావాలి. మగవాడు ఆడమనిషికి చెప్తే "అని ఒహెవ్ ఒతాఖ్", ఆడమనిషి మగవాడికి చెప్తే "అని ఒహెవెత్ ఒత్‌ఖా". మారుపేరుతో రాసే ప్రేమలేఖ ఆ భాషలో చాలా కష్టం.

మరి మూడో మనిషి గురించి తెలుగులో దాచాలంటే? "ఎవరో ఫోన్ చేశారు" అంటే చాలు, ఆడా మగా ఒకరా నలుగురా ఏదీ తేలదు. కాకపోతే తెలిసిన ఒక్క మనిషి గురించి "చేశారు" అంటే మర్యాద వచ్చి కూర్చుంటుంది. టర్కిష్, ఫిన్నిష్, హంగేరియన్, పర్షియన్ నవలల్లో వాడు/ఆమె తేడా లేని సర్వనామం ఉంటుంది. రచయిత కావాలని ఆ పాత్ర ఎవరో చెప్పకుండా దాచితే తెలుగులోకి ఎలా తెస్తారు? క్రియ చివర "చేశారు"లో లాగా "-ఆరు" పెడితే లింగం దాగుతుంది, కానీ ఒక దొంగ పాత్రకి లేనిపోని గౌరవం వచ్చేస్తుంది.

—

నమ్మనుపొండి:

అన్నీ బాగున్నాయి, ఒక్క బ్రేక్ వేస్తాను. ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా తర్వాతి మెట్టు "కాబట్టి ఆ భాషవాళ్ళు వేరేగా ఆలోచిస్తారు" అని ఉంటుంది, ఇంకా రాలేదు గానీ వచ్చేలా ఉంది. తుయుకావాళ్ళు అబద్ధాలాడరని ఎవరైనా అంటే నమ్మకండి, కళ్ళారా చూసిన తోక పెట్టి మరీ ఆడొచ్చు. చైనీస్ క్రియకి కాలం లేదంటే వాళ్ళకి నిన్నా రేపూ తెలీదని కాదు. ఎస్కిమోలకి మంచుకి వందల మాటలు అన్నది కూడా ఇలాగే పుట్టింది, బోయాస్ అనే మానవశాస్త్రవేత్త 1911లో నాలుగు ధాతువులు చూపిస్తే తర్వాతివాళ్ళు తలా కొంచెం పెంచుకుంటూ పోయారు.

2013లో కీత్ చెన్ అనే ఆర్థికవేత్త ఒక పేపర్ రాశాడు, భవిష్యత్తుకి వేరే రూపం తప్పనిసరి కాని భాషలవాళ్ళు డబ్బు ఎక్కువ పొదుపు చేస్తారని. పెద్ద హిట్. తర్వాత 2015లో, ఆయన కూడా ఒక రచయితగా ఉన్న మరో పేపర్లో, భాషలు ఒకదానికొకటి చుట్టాలు కాబట్టి వాటిని విడివిడిగా లెక్కపెట్టకూడదని సరిచేసి చూస్తే ఆ సంబంధం చాలావరకు బలం కోల్పోయింది. తెలుగులో "రోజూ వస్తాను", "రేపు వస్తాను" రెండూ ఒకే రూపం. ఆ లెక్కన మనందరి బ్యాంకు ఖాతాలూ కళకళలాడుతూ ఉండాలి, నాదైతే అలా లేదు.

నేను నిజంగా తల ఊపేది ఒక్కదానికే. క్వీన్స్‌లాండ్‌లోనే గూగు యిమిథిర్ అనే భాష, 1770లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడవాళ్ళు "కంగారూ" అనే మాట రాసుకున్నది వీళ్ళ దగ్గరే. ఇందులో నీ కుడి, నా ఎడమ అని దారి చెప్పడం ఉండదు, ఉత్తరం గుంగ్గా, దక్షిణం జిబా, తూర్పు నాగా, పడమర గువా. కాస్త జరుగు అనాలన్నా దిక్కుతోనే. కాబట్టి మాట్లాడేవాడికి ఇంట్లో ఉన్నా చీకట్లో ఉన్నా దిక్కు ఎప్పుడూ తెలిసే ఉండాలి. ఒక పెద్దాయన పడవ బోల్తా పడిన కథ చెప్తుండగా హావిలాండ్ అనే పరిశోధకుడు 1980లో వీడియో తీశాడు, లెవిన్సన్ అనే ఇంకో పరిశోధకుడు రెండేళ్ళ తర్వాత మళ్ళీ తీశాడు. రెండోసారి ఆయన వేరే దిక్కుకి తిరిగి కూర్చున్నాడు, దాంతో చేతుల ఊపు కూడా మారింది, కానీ పడవ తిరగబడిన దిక్కు మాత్రం రెండింట్లోనూ ఒకటే. మాట జారకుండా చూసుకోవడం వేరు, చెయ్యి కూడా జారలేదంటే అది లోపల ఎక్కడో ఉన్నట్టే. అయినా భాష వల్ల ఆ అలవాటు వచ్చిందా, బతుకు తీరు వల్ల భాష అలా తయారైందా అని అడిగితే ఆ వీడియోలు జవాబు చెప్పవు.

—

చుక్కలు_గీతలు:

అందరూ మాట్లాడే భాష గురించే రాశారు. లిపి కూడా ఇలాగే పీక మీద కూర్చుంటుంది, ఒక్కోసారి మాట అడగనిది రాత అడుగుతుంది. మాండరిన్‌లో వాడు, ఆమె, అది మూడూ "తా". చెవికి తేడా లేదు. రాతలో కూడా ఒకప్పుడు వాడికీ ఆమెకీ ఒకటే అక్షరం ఉండేది. 1920 ప్రాంతంలో లియు బన్‌నోంగ్ అనే కవి, యూరప్ భాషల్లో "షీ" లాంటిది ఉంది కదా అని, ఆడవాళ్ళకి వేరే అక్షరం పట్టుబట్టి ప్రచారంలోకి తెచ్చాడు, పక్కన మనిషి గుర్తు తీసేసి స్త్రీ గుర్తు పెట్టి. ఆడవాళ్ళని మనుషుల్లోంచి తీసేశారా అని అప్పట్లోనే గొడవైంది. చివరికి అదే నిలబడింది. ఇప్పుడు చైనీస్‌లో నోటితో ఒక మనిషి గురించి గంట మాట్లాడినా లింగం బయటపెట్టనక్కర్లేదు, కాగితం మీద పెట్టాలంటే మొదటి వాక్యంలోనే తేల్చాలి. ఫ్రెంచిలోనూ కొంచెం ఇంతే, "మొనామీ" అంటే నా స్నేహితుడో స్నేహితురాలో చెవికి తెలీదు, రాసేటప్పుడు చివర ఒక అక్షరం చేర్చాలా వద్దా అన్నది తేల్చుకోక తప్పదు.

అరబిక్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందులో వ్యాకరణం మహా పట్టుదల గలది, నువ్వు అంటే ఆడా మగా చెప్పాలి, ఇద్దరైతే ద్వివచనం కూడా ఉంది, సంస్కృతం చదివినవాళ్ళకి తెలిసిన బాధే. కానీ మామూలు రాతలో హ్రస్వాచ్చులు రాయరు. క, త, బ, త అని నాలుగు హల్లులు పక్కపక్కన కనిపిస్తాయి. అది "కతబ్తు" అయితే నేను రాశాను, "కతబ్త" అయితే మగవాడితో నువ్వు రాశావు, "కతబ్తి" అయితే ఆడమనిషితో నువ్వు రాశావు, "కతబత్" అయితే ఆమె రాసింది. నోరు తప్పనిసరిగా చెప్పేదాన్ని కాగితం మింగేస్తుందన్నమాట, వెనకా ముందూ వాక్యాలు చూసి చదివేవాడే పూరించుకోవాలి. ఖురాన్‌లోనూ పిల్లల పుస్తకాల్లోనూ అచ్చుల గుర్తులన్నీ పెడతారు, పేపర్లలో పెట్టరు. పుట్టినప్పటి నుంచి ఆ భాషలో ఉన్నవాళ్ళు తడుముకోకుండా చదువుకుంటూ పోతారు, నేర్చుకునేవాళ్ళకే టెన్షన్.